ఇళ్ల మధ్య గినీ కోళ్లు: తగవు ఎక్కడ మొదలవుతుంది?

క్లుప్తంగా: పెరట్లో గినీ కోళ్లు పెంచకూడదని చెప్పే కేంద్ర చట్టమేదీ లేదు. పొలం గట్టున కాపలాకు పనికొచ్చే అరుపే వీధి మధ్యలో తగవుకు మూలమవుతుంది. ఈ కోళ్లుంటే పాములు రావన్న నమ్మకంలో నిజం పగటి వరకే. ఇల్లు ఊరి అంచున ఉందా, ఉమ్మడి గోడల వరుసలో ఉందా, రాత్రి పక్షులను మూసి ఉంచే గూడు ఉందా అన్న మూడు విషయాలను బట్టే ఈ పెంపకం పొసగేదీ లేనిదీ తేలుతుంది.

ఒడిశాలోని రాయగడలోనో గుణుపురంలోనో పర్లాకిమిడిలోనో ఒక పెరట్లో నాలుగు నాటుకోళ్లు తిరుగుతుంటే పక్కింటివారు తలెత్తి కూడా చూడరు. అదే పెరట్లోకి చుక్కల ఈకల గినీ కోళ్లు నాలుగు వచ్చి చేరితే కొద్ది రోజుల్లోనే వీధి రెండు పక్షాలవుతుంది. పాములు దరిచేరవని, దొంగల అలికిడి తెలుస్తుందని, మాంసానికి మంచి ధర పలుకుతుందని పెంచేవారు అంటారు. మధ్యాహ్నం కునుకు పోయిందని, పరీక్షలకు చదివే పిల్లలకు ధ్యాస నిలవడం లేదని, కారు అద్దాన్ని పొడిచి పాడుచేశాయని పక్కవారు అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉండటం వల్లే ఈ తగవు తేలికగా తెగదు.

సరిహద్దు జిల్లాల్లో ఈ గందరగోళానికి ఇంకో కారణం తోడవుతుంది. ఇక్కడి కుటుంబాలు చదివేది, చూసేది తెలుగు వార్తలు. సలహా అడిగేది పార్వతీపురంలోనో పాతపట్నంలోనో ఉన్న బంధువులను. ఫిర్యాదు వెళ్లేది మాత్రం ఒడియాలో నడిచే పురపాలక కార్యాలయానికి, మహారాష్ట్రలో ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరొంచలోనైతే మరాఠీలో నడిచే నగర పంచాయతీకి. అవతలి రాష్ట్రంలో విన్న నిబంధనను ఇక్కడిదిగా భావించడం, వేల కోళ్ల ఫారాలకు పెట్టిన షరతును పెరటి కోడికి అంటగట్టడం తరచూ జరిగే పొరపాట్లు. అందువల్ల ముందు పక్షి సంగతి, ఆ తర్వాత చట్టం సంగతి విడివిడిగా చూడటం మేలు.

బయలు నుంచి వచ్చిన పక్షి

గినీ కోడి ఆఫ్రికా గడ్డి మైదానాలది. పశ్చిమ ఆఫ్రికా తీరాన్ని ఐరోపా వర్తకులు పిలిచిన గినీ అన్న పేరే దీనికీ స్థిరపడింది. గిన్నికోడి అనేవారూ ఉన్నారు. సీమకోడి అన్న మాటా వినబడుతుంది గానీ అది టర్కీ కోడికి కూడా చెల్లే పేరు. సంతలో పేరును నమ్మి కాకుండా పక్షిని చూసి కొనాలి. ఈకలు లేని తల, నెత్తిన కొమ్ములాంటి గట్టి బుడిపె, దవడల కింద వేలాడే తోలు, బూడిదరంగు ఒంటి నిండా ముత్యాలు చల్లినట్టు తెల్లని చుక్కలు దీని ఆనవాళ్లు. ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్‌లో ఉన్న కేంద్ర పక్షి పరిశోధన సంస్థ కాదంబరి, చితంబరి, శ్వేతాంబరి అనే మూడు రకాలను రూపొందించింది. చుక్కల పక్షి కాదంబరి, తెల్లది శ్వేతాంబరి. రంగు మారినా గుణం మాత్రం అన్నిటిదీ ఒకటే.

ఆ గుణం అర్థం కావాలంటే మామూలు కోడితో పోల్చి చూడాలి. పెరటి కోడికి మూలం ఎర్ర అడవికోడి. అది ఈ తూర్పు కనుమల పొదల్లో ఇప్పటికీ తిరుగుతోంది. పొదల్లో బతికే పక్షికి ప్రమాదం వస్తే కిక్కురుమనకుండా నక్కడమే రక్షణ. గినీ కోడి బయలు పక్షి. బయల్లో నక్కడానికి చోటుండదు. శత్రువును దూరం నుంచే పసిగట్టి, గుంపంతటికీ చాటి, అంతా కలిసి పరుగెత్తడం మీదే దాని ప్రాణం ఆధారపడింది. అందుకే దానికి చూపు చురుకు, గొంతు పెద్దది, ఒంటరితనం భరించలేనిది. మనిషి చేతి కింద ఎన్ని తరాలు గడిచినా ఈ మూడూ పోలేదు. కోడి మనిషికి అలవాటు పడ్డంతగా గినీ కోడి పడదు. దాణా వేసే చేతిని గుర్తిస్తుంది, అంతే.

అరుపు పుట్టే తీరు, పాకే తీరు

పుంజు కూత వేళకు వస్తుంది. తెల్లవారుజామున కూస్తుందని వీధికి తెలుసు. చెవి దానికి అలవాటు పడుతుంది. కుక్క మొరగడానికి కూడా ఒక లెక్క ఉంటుంది. ఇంటివారిని, రోజూ వచ్చే పాలవాణ్ని అది గుర్తుపడుతుంది. గినీ కోడి అరుపుకు వేళ లేదు, కారణం మాత్రం ఉంటుంది. నిన్న లేనిది ఇవాళ కంటబడితే చాలు. తీగ మీద ఆరేసిన కొత్త దుప్పటి, గోడకు ఆనించిన నిచ్చెన, ఆకాశంలో గద్ద, తలపాగా చుట్టుకొని వచ్చిన కూలీ, ఇవన్నీ దానికి కొత్తే. ఒకటి మొదలుపెడితే మిగతావి అందుకుంటాయి. గుంపు ఎంత పెద్దదైతే ఆ గొలుసు అంత సేపు తెగదు. ఊరి బయట ఇలాంటి కొత్తలు రోజుకు నాలుగో అయిదో ఎదురవుతాయి. కూరగాయల బండి, గ్యాసు బండి, బడిపిల్లలు, పెళ్లి మేళం నడిచే వీధిలో అవి గంటకోసారి ఎదురవుతాయి.

మగదీ ఆడదీ చూడటానికి ఒకేలా ఉంటాయి. మగదాని దవడ తోలు కాస్త పెద్దది. అసలు తేడా గొంతులో ఉంది. మగది ఒకే అక్షరాన్ని టకటకా కొట్టినట్టు అరుస్తుంది. ఆడది ఆ అరుపుతో పాటు రెండక్షరాల పిలుపు కూడా పిలుస్తుంది. మొదటి అక్షరం పొట్టిగా కింద ఉంటుంది, రెండోది సాగుతూ పైకి లేస్తుంది. తప్పిపోయిన జతను వెతుక్కునే పిలుపు కావడంతో అది ఒక్కోసారి చాలాసేపు ఆగకుండా సాగుతుంది. పక్కింటివారు భరించలేమనేది ఎక్కువగా దీన్నే. ఒక్కదాన్నే పెంచితే గోల తగ్గుతుందనుకోవడం ఇక్కడే తప్పవుతుంది. ఒంటరి గినీ కోడి పొద్దస్తమానం గుంపు కోసం పిలుస్తూనే ఉంటుంది. రెండు మూడు జతలున్న చోట కొత్తవి కంటబడినప్పుడు గోల పెద్దదే గానీ మిగతా వేళల్లో అవి తమలో తాము చిన్నగా గొణుక్కుంటూ మేస్తాయి.

ఇక ధ్వని పాకే తీరు. ఖాళీ మైదానంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 5 మీటర్ల దగ్గర చెవులు గింగురుమనిపించే అరుపు 80 మీటర్ల దూరంలో దాదాపు 24 డెసిబెల్స్ తగ్గి ఊరి చప్పుళ్లలో కలిసిపోతుంది. పర్లాకిమిడి లాంటి పాత పట్టణాల ఇరుకు వీధుల్లో ఈ లెక్క కుదరదు. ఇళ్లకు ఉమ్మడి గోడలు, ఎదురుగా మళ్లీ గోడల వరుస, మధ్య సన్నని సందు. శబ్దం చెదిరిపోయే దారిలేక గోడ నుంచి గోడకు కొట్టుకుంటుంది. పెరటి గోడ ఎక్కి కూర్చున్న పక్షి పక్కింటి కిటికీకి మూడు నాలుగు గజాల దూరంలోనే ఉంటుంది. పక్షి మారలేదు, అరుపు మారలేదు. చుట్టూ ఉన్న గోడలు దాన్ని పెంచాయి.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు రాత్రి కింద లెక్క. అయితే ఆ అంకెలు కొంత కాలవ్యవధి మీద తీసే సగటును సూచిస్తాయి. అరగంటకొకసారి అర నిమిషం పాటు చీల్చుకొచ్చే అరుపు సగటులో కరిగిపోతుంది. చెవికి తగిలే బాధకూ మీటరు చూపే అంకెకూ పొత్తు కుదరదు. అధికారి కొలిచి పరిమితిలోనే ఉందని చెప్పినా పక్కింటివారికి నిద్ర పట్టకపోవడానికి కారణం ఇదే. వారు అబద్ధం చెప్పడం లేదు.

పాముల మాట

ఈ ప్రాంతంలో గినీ కోళ్ల వైపు జనం మొగ్గడానికి మొదటి కారణం గుడ్లో మాంసమో కాదు, పాము భయం. ఆ భయం ఉత్తదీ కాదు. ఒడిశా ప్రభుత్వం పాముకాటును రాష్ట్ర స్థాయి విపత్తుల జాబితాలో చేర్చింది. వరి మళ్లు, కొండవాలు, వానాకాలపు గడ్డి ఇళ్లను ఆనుకొని ఉండే చోట ఏదైనా ఉపాయం ఉందంటే జనం చెవి ఒగ్గుతారు.

గినీ కోళ్లు పామును చూస్తే ఊరుకోవన్న మాట నిజం. గుంపుగా చుట్టుముట్టి, మెడలు చాచి, ఎడతెగకుండా అరుస్తాయి. చిన్న పామైతే పొడిచి చంపేస్తాయి కూడా. పెద్ద పామును చంపలేకపోయినా అది ఉన్న చోటును ఇంటివారికి చూపిస్తాయి. గడ్డి కోసే మనిషికి, పొలం గట్టున నడిచే మనిషికి ఈ హెచ్చరిక విలువైనదే.

కానీ ఎవరిని ఏ పాము, ఏ వేళ కాటేస్తుందో చూస్తే లెక్క మారుతుంది. మన దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసేవిగా చెప్పే నాలుగింటిలో నాగుపాము, రక్తపింజర, చిన్న పింజరలతో పాటు కట్లపాము ఒకటి. కట్లపాము నిశాచరి. ఎలుకలనో ఇతర పాములనో వెతుక్కుంటూ రాత్రిపూట ఇళ్లలోకి దూరుతుంది, నేల మీద పడుకున్నవారిని నిద్రలో కాటేస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండకపోవడంతో కాటు పడిందని తెల్లవారేదాకా తెలియకపోవచ్చు. ఆ వేళ గినీ కోడి ఎక్కడుంటుంది? చెట్టు కొమ్మ మీదో ఇంటి కప్పు మీదో గూట్లోనో ముడుచుకొని ఉంటుంది. చీకట్లో దానికి చూపు ఆనదు. ఇంటి లోపలి నేల మీద ఏం పాకుతుందో దానికి తెలిసే అవకాశమే లేదు. పగటి కాపలాదారును నమ్ముకొని రాత్రి దోమతెర కట్టుకోకుండా, మంచం వేసుకోకుండా పడుకుంటే ఆ నమ్మకం ప్రాణం మీదికి తెస్తుంది. ఈ ఒక్క విషయం ప్రతి పెంపకందారుకూ గట్టిగా చెప్పవలసినది.

దీనికి తోడు దాణా సంగతి ఉంది. పెరట్లో చల్లిన నూకలు, చోళ్లు (రాగులు) సాయంత్రానికి మిగిలిపోతే వాటి కోసం ఎలుకలు వస్తాయి. ఎలుకల వెనుక పాము వస్తుంది. పాములను తరమడానికి తెచ్చిన పక్షే వాటికి దారి చూపినట్టవుతుంది. గింజను లెక్కగా వేసి, చీకటి పడేలోగా మిగిలినది ఊడ్చి ఎత్తే ఇంట్లో ఈ చిక్కు రాదు.

పురుగుల విషయంలోనూ ఇలాంటి సగం నిజమే ఉంది. మిడతలు, చెదలు, బొద్దింకలు, పశువుల గోమార్లను ఈ పక్షులు ఇష్టంగా తింటాయి. కాళ్లతో నేలను గీకడం కోడి కంటే తక్కువ కాబట్టి కూరగాయల మళ్లకు నష్టం కొంత తగ్గుతుంది. గోమార్ల మీద అమెరికాలో 1992లో వెలువడిన ఒక అధ్యయనం, ఈ పక్షులు తిరిగిన పచ్చికలో ఎదిగిన గోమార్లు తగ్గాయని చెప్పింది. కంటికి ఆనని పిల్ల పురుగుల సంగతి వేరు. ఒడిశాలో వానల తర్వాత కనబడే స్క్రబ్ టైఫస్ జ్వరాన్ని అంటించేది అలాంటి సూక్ష్మమైన నల్లి పిల్లలే. గినీ కోళ్లున్నాయి కదా అని పొదలు కొట్టకుండా వదిలేయడం సరికాదు.

గోడ దాటే పక్షి

నాటుకోడికి పెరడే లోకం. గినీ కోడికి పెరడు రాత్రి బస మాత్రమే. పగలంతా గుంపుగా నడుస్తూ మేయడం దాని పద్ధతి. ఎకరాల మేర తిరగగలదు. ఎనిమిది అడుగుల గోడ దానికి అడ్డే కాదు. పెంకుల మీదుగా, డాబాల మీదుగా పక్క వీధికి చేరుతుంది. అక్కడ నిగనిగలాడే కారు తలుపులోనో కిటికీ అద్దంలోనో తన నీడను చూసి మరో పక్షి అనుకుంటుంది, పొడుస్తుంది. రోడ్డు దాటేటప్పుడు వాహనానికి బెదిరి గుంపు రెండుగా చీలితే అటువి ఇటు, ఇటువి అటు పరుగెత్తుతాయి. రాయగడలోలా లారీలు నడిచే దారి పక్కన ఇల్లున్నవారికి ఇది చిన్న ముప్పు కాదు.

గుడ్ల తగవు దీని నుంచి పుట్టేదే. మన వాతావరణంలో ఇవి ఎక్కువగా మార్చి నుంచి సెప్టెంబరు వరకు గుడ్లు పెడతాయి. బాగా మేపితే ఒక్కో పెట్ట వంద వరకూ పెడుతుంది. గుడ్డు కోడిగుడ్డు కంటే చిన్నది, సుమారు 40 గ్రాములు. పెంకు మందం, ఒక చివర బాగా కోసుగా ఉంటుంది. గూట్లో పెట్టడం గినీ కోడికి నచ్చదు. ఎవరి కంటా పడని పొదను వెతుక్కుంటుంది. ఒకటి ఎంచుకున్న చోటే మిగతావీ పెడతాయి కాబట్టి పక్కింటి అరటి పాదులోనో, వెనక ఇంటి కట్టెల మోపు చాటునో ఒకేసారి రెండు మూడు డజన్ల గుడ్లు బయటపడతాయి. దొరికినవారు తమవంటారు, పెంచినవారు తమవంటారు. ఉదయం పది, పదకొండు గంటల దాకా పెట్టలను గూట్లోనే ఆపి ఆ తర్వాత వదిలితే చాలా గుడ్లు ఇంట్లోనే దక్కుతాయని పెంపకంలో అనుభవమున్నవారు చెబుతారు. వీధికీ ఆ రెండు మూడు గంటలు నిమ్మళంగా ఉంటుంది.

ఈకలు కత్తిరిస్తే ఎగరవు కదా అన్న ప్రశ్న వస్తుంది. ఒక రెక్కకున్న పెద్ద ఈకలను కత్తిరిస్తే తూకం తప్పి ఎగరలేవు. ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కునేదాకా ఆ పట్టు ఉంటుంది. అదే సమయంలో వీధికుక్క తరిమితే కొమ్మ ఎక్కి తప్పించుకునే దారీ మూసుకుపోతుంది. చుట్టూ వల, పైన వల ఉన్న ఆవరణలో ఉంచే పక్షికే ఇది తగిన పని. అలా మూసి ఉంచినా పక్షికి చాలినంత నడక ఉండాలి. ఇరుకులో పెట్టిన గినీ కోళ్లు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, పక్కనున్న నాటుకోడి పుంజును దాణా దగ్గరికి రానివ్వవు.

చట్టం చెప్పేది, చెప్పనిది

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడ్డొస్తుందన్న భయం కొందరికి ఉంది. అడవిలో తిరిగే కౌజు పిట్ట, నెమలి ఆ చట్టం రక్షణలో ఉన్న పక్షులు. వాటిని పట్టడం, పెంచడం నేరం. గినీ కోడి మన అడవుల పక్షి కాదు, పెంపుడు కోళ్ల జాతుల లెక్కలోకి వస్తుంది. కేంద్ర కోళ్ల అభివృద్ధి సంస్థల కార్యక్రమాల్లో బాతు, టర్కీ, ఫారాల్లో పెంచే జపాన్ కముజు పిట్టలతో (క్వెయిల్) పాటు దీనికీ చోటుంది. చుక్కల ఈకలు చూసి కౌజు అనుకొని ఫిర్యాదు చేస్తే అది నిలవదు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు కొత్త ఫారాలను జనావాసాలకు 500 మీటర్ల దూరంలో పెట్టాలంటున్నాయి. అవి 5,000 పక్షులకు పైబడిన ఫారాల కోసం రాసినవి. పెరట్లో ఆరు పక్షుల విషయంలో వాటిని చూపించి లాభం లేదు.

వర్తించేది స్థానిక సంస్థల చట్టం, ఉపద్రవాలకు (న్యూసెన్స్‌కు) సంబంధించిన సాధారణ చట్టం. ఒడిశాలో పురపాలక సంఘాలకు 1950 నాటి చట్టం, గ్రామ పంచాయతీలకు 1964 నాటి చట్టం ఆధారం. బరంపురం నగరపాలక సంస్థ కావడంతో 2003 నాటి చట్టం కిందికి వస్తుంది. మహారాష్ట్రలో నగర పరిషత్తులకు, నగర పంచాయతీలకు 1965 నాటి చట్టం, గ్రామ పంచాయతీలకు 1958 నాటి చట్టం వర్తిస్తాయి. ఒకే జిల్లాలో పురపాలక పరిధిలోని ఇంటికి, ఊరు దాటి పంచాయతీలో ఉన్న ఇంటికి అడగవలసిన కార్యాలయాలు వేరు. కొనే ముందే వెళ్లి తమ పరిధిలో షరతులేమైనా ఉన్నాయా అని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం ఉత్తమం.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 270వ సెక్షన్ బహిరంగ ఉపద్రవాన్ని నిర్వచిస్తుంది. చుట్టుపక్కల జనానికి ఉమ్మడిగా ఇబ్బంది కలిగించే పని దాని కిందికి వస్తుంది. 292వ సెక్షన్ ప్రకారం జరిమానా వెయ్యి రూపాయల వరకు. చిన్న మొత్తమే. అసలు బలం భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్‌లో ఉంది. ఉపద్రవాన్ని తొలగించమని, లేదా ఎందుకు తొలగించనక్కరలేదో వచ్చి చెప్పుకోమని కార్యనిర్వాహక మేజిస్ట్రేటు షరతులతో కూడిన ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఒక్క ఇంటికి కలిగే ఇబ్బంది ఇందుకు సాధారణంగా చాలదు. అది సివిల్ తగవవుతుంది.

దూరివచ్చిన పక్షిని ఏం చేయవచ్చన్నది తరచూ వచ్చే సందేహం. పశువు చేలో పడితే బందెలదొడ్డికి తోలే ఆనవాయితీ 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం ద్వారా వచ్చింది. ఆ జాబితాలో గేదె, గుర్రం, గాడిద, పంది, గొర్రె, మేక ఉన్నాయి గానీ కోళ్లు లేవు. కాబట్టి బందెలదొడ్డి దారి లేదు. అలాగని పట్టుకొని కూర వండుకుంటే దొంగతనం. విషం పెట్టి చంపితే న్యాయ సంహిత 325వ సెక్షన్ వర్తిస్తుంది, అయిదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. విసిగిన పక్కింటివారు గింజల్లో మందు కలిపే ఆలోచన చేస్తే వెయ్యి రూపాయల జరిమానా తగవు జైలు తగవుగా మారుతుంది, తప్పు కూడా చేయి మారుతుంది. ఆ గింజలు తిని ఊరపిచ్చుకలు, పక్కవీధి కోళ్లు చచ్చిపోవడం దీనికి అదనం.

సరిహద్దు గీతను దాటే వలయం

మన దేశంలో బర్డ్‌ఫ్లూ తొలిసారి నిర్ధారణ అయింది 2006 ఫిబ్రవరిలో, మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా నవాపూర్‌లో. 2024 ఆగస్టులో ఒడిశాలోని పూరీ జిల్లా పిపిలిలో, 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో మళ్లీ బయటపడింది. వ్యాధి నిర్ధారణ అయిన చోటి నుంచి కిలోమీటరు పరిధిలో పెంపుడు పక్షులన్నిటినీ చంపి పూడ్చడం, 10 కిలోమీటర్ల దాకా నిఘా ఉంచడం జాతీయ కార్యాచరణ ప్రణాళికలోని పద్ధతి. నాటుకోడి, బాతు, గినీ కోడి అన్న తేడా అందులో లేదు. కోళ్లకూ టర్కీలకూ లాగే గినీ కోళ్లకూ ఈ వైరస్ ప్రాణాంతకమే.

ఆ వలయం రాష్ట్ర సరిహద్దును చూసి ఆగదు. పర్లాకిమిడి, పాతపట్నం పక్కపక్క ఊళ్లు. మహారాష్ట్రలోని ధర్మాబాద్‌కు తెలంగాణలోని బాసర, సిరొంచకు గోదావరి అవతలి కాళేశ్వరం ఇలాంటి జతలే. ఒకవైపు వ్యాధి బయటపడితే రెండో వైపు పెరళ్లు కూడా నిఘాలోకి వస్తాయి. ప్రకటన మాత్రం ఏ రాష్ట్రం దాని భాషలోనే ఇస్తుంది. పెరటి పక్షులను చంపవలసి వస్తే పరిహారం ఇస్తారు. ముందే రోగంతో చచ్చినవాటికి అది దక్కదు. అందువల్ల రెండు మూడు పక్షులు హఠాత్తుగా చనిపోతే గుట్టుగా పారేయకుండా తమ రాష్ట్రపు పశువైద్యశాలకు వెంటనే చెప్పడం ఇంటికీ వీధికీ అవసరం. చెరువు గట్ల దాకా తిరిగి అడవి పక్షులతో కలిసి మేసే గినీ కోళ్లకు ఈ ముప్పు గంప కింది కోడి కంటే ఎక్కువ.

కొక్కెర తెగులు (రాణీఖేత్) విషయంలో మాత్రం ఇవి నాటుకోళ్ల కంటే గట్టివని పేరు. గట్టితనమంటే రోగం అంటకపోవడం కాదు. బయటికి కనబడకుండానే మోసుకొచ్చి పక్కనున్న కోళ్లకు అంటించవచ్చు. టీకాల విషయంలో నాటుకోళ్లతో పాటే వీటినీ లెక్కలోకి తీసుకోవాలి.

ఎక్కడ పొసగుతుంది

ఇవన్నీ కలిపి చూస్తే తగవు పక్షి మంచిదా చెడ్డదా అన్నది కాదని తెలుస్తుంది. కాలనీ చివరి వరుసలో ఉండి, వెనుక పొలమో తోటో కొండవాలో ఉన్న ఇంటికి ఈ పక్షి సరిపోతుంది. పొద్దున వదిలితే అది పొలం వైపే వెళుతుంది. వీధి వైపు అరుపు దూరంలో పలచబడుతుంది. నాలుగు వైపులా ఇళ్లున్న మూడు సెంట్ల స్థలంలో ఎంత జాగ్రత్తగా పెంచినా ఇబ్బంది తప్పదు. అక్కడ గుడ్లు కావాలంటే వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటి కోళ్లు నయం. హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ వాటిని పెరళ్ల కోసమే రూపొందించింది. మాంసం కోసమే అయితే కముజు పిట్టలకు చోటు తక్కువ చాలు, గొంతూ చిన్నది.

మధ్యరకం ఇళ్ల విషయంలో నిర్ణయం పెంచే పద్ధతి మీద ఆధారపడుతుంది. ఎదిగిన పక్షులను సంతలో కొని తెచ్చి వదిలితే అవి నిలవవు. కొత్త చోటును ఇల్లుగా ఎరగక ఊరంతా తిరుగుతాయి. కనీసం నెల, నెలన్నర మూసి ఉంచితే గానీ గూటికి అలవాటు పడవు. గుడ్లు తెచ్చి పొదిగించడం దీనికంటే మేలైన దారి. నాటుకోడి పెట్ట కింద పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. కోడిగుడ్డు 21 రోజులకు పిల్లవుతుంది, గినీ గుడ్డుకు 26 నుంచి 28 రోజులు పడుతుంది. రెండూ కలిపి పెడితే కోడిపిల్లలు రాగానే పెట్ట లేచిపోతుంది, మిగతా గుడ్లు చల్లబడి పాడవుతాయి. పొదగడానికి గినీ పెట్టనే నమ్ముకుంటే వేరే చిక్కు. అది పిల్లలను మంచుకు తడిసిన గడ్డిలో తిప్పుతుంది. మొదటి రెండు వారాల్లో తడి, చలి తగిలితే అవి బతకవు. జూలై, ఆగస్టు ముసురులో ఈ కొండ ప్రాంతాల్లో గినీ పిల్లలు చచ్చిపోవడానికి ఇదొక కారణం. నీళ్ల పళ్లెంలో కూడా మునిగిపోయేంత చిన్నవి కాబట్టి పళ్లెం నిండా గులకరాళ్లు వేసి, రాళ్ల సందుల్లో నీళ్లు నిలిచేలా పెడతారు. నేలన నున్నటి కాగితం పరిస్తే కాళ్లు జారి పక్కలకు విరుచుకుపోతాయి. గోనెసంచి పరవడం మంచిది.

గూటికి రప్పించే అలవాటు పిల్లగా ఉన్నప్పుడే పడాలి. పొద్దు వాలే వేళకు రోజూ ఒకే చోట, ఒకే డబ్బా చప్పుడుతో గుప్పెడు చోళ్లో సజ్జలో వేసి, తిన్నాక తలుపు మూయాలి. పగలంతా కడుపు నిండా గింజలు వేస్తే సాయంత్రం పిలిచినా రావు. అలా అలవాటైన గుంపు రాత్రి కప్పు మీద ఉండదు. గుడ్లగూబకో పిల్లికో బెదిరి నడిరాత్రి లేచి అరిచే అవకాశం చాలా తగ్గుతుంది. పక్కింటివారికి నిజంగా దక్కవలసింది ఆ రాత్రి నిద్ర. గూడును వారి పడకగది గోడకు దూరంగా కట్టడం, పిల్లలను తేకముందే వారితో మాట్లాడటం ఖర్చు లేని పనులు.

పిల్లలు కొన్ని వారాల పాటు సన్నగా కిచకిచమంటూ ఉంటాయి. ఆ దశలో చూసి ఎవరూ అభ్యంతరం చెప్పరు. రెండు నెలల వయసు నాటికి అసలు గొంతు విచ్చుకుంటుంది, ఆడవాటి రెండక్షరాల పిలుపు బయటపడుతుంది. 12 వారాలకు పక్షి కిలో అటూఇటూ తూగి అమ్మకానికి వస్తుంది. ఈ రెండింటి మధ్య దాదాపు ఒక నెల వ్యవధి ఉంది. వీధి భరించగలదో లేదో ఆ నెలలో తెలిసిపోతుంది. పొసగకపోతే గుడ్ల కాలం మొదలుకాకముందే, పెట్టిన ఖర్చు పోకుండా పక్షులను సంతకు పంపడానికి అదే సమయం.